చూడని క్యాసెట్టులో కురిసిన వాన

ఒక ఇంగ్లీషు బ్యాండు కచేరీలో వాన కురిసిందా లేదా అన్న ప్రశ్న మీద తిరుపతిలో ఒక మనిషి పరువు, చిత్తూరులో ఇంకొక మనిషి పరువు ఒకే మధ్యాహ్నం మట్టిగొట్టుకుపోయాయి. ఆ మొదటి మనిషిని నేను. రెండో మనిషి గురించి చెప్పడానికే నాకు ఉత్సాహం ఎక్కువ. కానీ వరసలో చెప్పాలి కాబట్టి ముందు నా నాశనమే వినండి.

బ్యాండు పేరు మాత్రం అడక్కండి. దాని అభిమానులు ఇంకా చాలామంది ఉన్నారు. వాళ్ళకు వయసొచ్చింది గానీ కోపం తగ్గలేదు.

అవి ఎనభైలు. నేను తిరుపతిలో ఎమ్మే చదువుతుండేవాణ్ణి. 'చదువుతుండేవాణ్ణి' అన్న మాట మా నాయన తృప్తి కోసం వాడుతున్నాను. నేను నిజంగా చేసిన పని, గాంధీ రోడ్డులో ఇస్మాయిల్ వాళ్ళ రేడియో రిపేరు అంగట్లో కూర్చుని పాటలు వినడం. ఇస్మాయిల్ నా క్లాసువాడు. మధ్యాహ్నం వాళ్ళ నాన్న భోజనానికి వెళ్ళగానే అంగడి మా చేతికి వచ్చేది. రిపేరుకు వచ్చిన స్పీకర్లన్నీ ఒకే టేప్‌రికార్డరుకు తగిలించి మా బ్యాండు క్యాసెట్టు పెట్టేవాళ్ళం. పక్క అంగడిలో పసుపు, కుంకుమ అమ్మే ఆయన రోజూ అదే కేక వేసేవాడు.

"ఏమప్పా, ఆ పిల్లోణ్ణి ఎవురన్నా ఆస్పత్రికి తీసకపోండప్పా!"

ఆ పిల్లోడు మా బ్యాండు గాయకుడు.

మాలో మూడోవాడు వరద. పూర్తి పేరు వరదాచారి. గుడి సేవలో ఉండే కుటుంబం. నుదుటి మీద నామంతో వచ్చి ఒక మూల కూర్చుని, తొడ మీద తాళం వేసుకుంటూ వినేవాడు. ఇంట్లో మృదంగం నేర్చుకుంటున్నాడు. పాట అయిపోయాక "డ్రమ్ములాయన తాళం తప్పలేదు" అనేవాడు. అంతే. దాన్ని మేము అభిప్రాయంగా లెక్కపెట్టేవాళ్ళమే కాదు. అభిప్రాయమంటే విన్నవాడికి రక్తం ఉడకాలి కదా!

ఆ రకం అభిప్రాయాలు కావాలంటే దొరస్వామి ఉన్నాడు. చిత్తూరువాడు. వాళ్ళ నాన్నకు మామిడి గుజ్జు తీసే ఫ్యాక్టరీ ఉండేది. ప్రతి ఆదివారం బస్సెక్కి మాతో పోట్లాడటానికే తిరుపతి వచ్చేవాడు. మనం ఏ ఆల్బమ్ బాగుందంటే, దానికి ముందుదే బాగుందనేవాడు. దానికి ముందుదే బాగుందని మనమంటే, "అది అందురికీ నచ్చే సరుకు లేబ్బా" అని పెదవి విరిచేవాడు. అతని అభిప్రాయం మన అభిప్రాయానికి నీడలాంటిది. మనం లేస్తే లేస్తుంది, ఎప్పుడూ అవతలి వైపే పడుతుంది.

ఇలా ఉండగా ఒక వేసవిలో నేను మద్రాసులో మా మామ ఇంటికి వెళ్ళాను. ఒకరోజు బర్మా బజారులో తిరుగుతూ ఒక అంగడి అద్దాల బీరువా ముందు రాయిలా నిలబడిపోయాను. మా బ్యాండు కచేరీల వీడియో క్యాసెట్లు! మూడు క్యాసెట్ల సంపుటం. వేరు వేరు కాలాల్లో, వేరు వేరు ఊళ్ళలో చేసిన మూడు కచేరీలు. అప్పటిదాకా మేము ఆ మనుషులు కదలడం చూడలేదు. మాకు వాళ్ళు గొంతులూ, కొన్ని ఫోటోలూ మాత్రమే.

అంగడాయన దయతలచి పెట్టె చేతికిచ్చాడు. అట్ట వెనకవైపు తపాలా బిళ్ళంత ఫోటోలు మూడు. మూడో ఫోటోలో ఒక గిటారు మనిషి. పైనుంచి కిందికి తెల్లటి గీతలు. మోకాళ్ళ కింది భాగం కనపడకుండా ధర చీటీ అంటించి ఉంది. నేను దాన్ని ఇంకాస్త కళ్ళ దగ్గర పెట్టుకునేలోపే "వాంగలేనా వెయ్యిప్పా" అని ఆయన లాక్కున్నాడు. కొనకపోతే పెట్టేయమని.

నా వీడియో దర్శనం అంతే. తిరుపతి బస్సు రేణిగుంట దాటేసరికి ఆ అట్ట నా బుర్రలో మూడు గంటల కచేరీ అయిపోయింది.

"చూసినారా!" అన్నాను, అంగట్లో అడుగు పెడుతూనే.

"ఏం చూసినావు?" అన్నాడు ఇస్మాయిల్.

"మూడు క్యాసెట్లూ చూసినా. మా మామ స్నేహితుడింట్లో."

ఇస్మాయిల్ చేతిలోని స్క్రూడ్రైవరు కింద పడింది. వరద తాళం ఆపేశాడు. నన్ను స్టూలు మీద కూర్చోబెట్టి టీ తెప్పించారు. అంత మర్యాద నాకు అంతకుముందు జరగలేదు. ఆ మర్యాదకు తగిన అబద్ధం చెప్పకపోతే బాగుండదనిపించింది.

"మొదటిది పరవాలే. రెండోది బాగుండాది. మూడోది మాత్రం... సెప్పలేనురా. కుండపోత వాన. జనం కదల్లే. మనోడు మోకాళ్ళ మీద కూలబడి వాయిస్తా ఉండాడు. కండ్లలో నీళ్ళు."

"వానలో కండ్లనీళ్ళు ఎట్ల కనపడినాయి?" అన్నాడు వరద.

"దగ్గరి నుంచి చూపించినారు లేరా!" అని కసిరాను. వివరాలు అడిగేవాళ్ళంటే కళాహృదయులకు సహజంగానే విసుగు.

అక్కణ్ణుంచి ఆ వాన నా అదుపు తప్పింది. యూనివర్సిటీ క్యాంటీన్‌లో కురిసింది. హాస్టలు వరండాల్లో కురిసింది. కొద్దిరోజులకు ఏర్పేడు నుంచి వచ్చే ఒక జూనియరు ఆ కచేరీ సంగతి నాకే చెప్పాడు. "అన్నా, నీకు తెలుసునా, గిటారు మీద పిడుగు పడిందంట!" నేను గంభీరంగా తల ఊపి, "పక్కన పడింది" అని సవరించాను.

ఆదివారం దొరస్వామి వచ్చాడు. ఇస్మాయిల్ ఉత్సాహంగా వానా, మోకాళ్ళూ అన్నీ వర్ణించాడు. దొరస్వామి కాళ్ళు చాపుకుని అంతా విని, నెమ్మదిగా నవ్వాడు.

"ఇప్పుడు సూసినారా మీరు? నేను పోయినేడే సూసినా, మద్రాసులో. వాన కరెక్టే. కానీ మోకాళ్ళ మీద యాడుండాడబ్బా? పండుకోని కదా వాయించినాడు!"

వీడు నిజంగా చూశాడు! అయితే వెనక్కి తగ్గడమా? ఇన్నాళ్ళ టీలు, స్టూలు, పిడుగు, ఇవన్నీ ఏం కావాలి?

"పండుకోనా? నీ కండ్లేమన్నా పోయినాయా? మోకాళ్ళ మీద!"

"పండుకోని!"

"మోకాళ్ళు!"

ఊరు రెండు పక్షాలైంది. మోకాళ్ళ పక్షం, పడక పక్షం. అందులో ఎవరూ ఒక్క ఫ్రేము చూసినవాళ్ళు కాదు. అయినా మాటలు ఆగిపోయిన స్నేహాలున్నాయి. చివరికి పందెం దాకా వచ్చింది. అప్పట్లో మా ఇద్దరికీ భుజాల దాకా జులపాలు ఉండేవి. ఆ జుట్టు కోసం నేను మా నాయనతో చేసిన యుద్ధాలు చెప్పాలంటే ఇంకో పుస్తకం కావాలి. ఎవరి మాట తప్పైతే వాళ్ళు అలిపిరి నుంచి నడిచి కొండెక్కి గుండు చేయించుకోవాలి. అదీ పందెం. చేతిలో చెయ్యేసి మరీ ఒప్పుకున్నాము. ఆ క్యాసెట్లు తిరుపతికి ఎందుకొస్తాయిలే అన్న ధైర్యం నాది.

వచ్చాయి. కువైట్ నుంచి ఇస్మాయిల్ వాళ్ళక్క భర్త ఖాదర్ కొత్తల్లుడి హోదాలో దిగాడు. కలరు టీవీ, వీసీఆర్, అత్తగారికి అత్తర్లు తెచ్చాడు. బావమరిది ముచ్చట తెలుసు కాబట్టి అట్ట మీది చుట్టుకాగితం కూడా విప్పని ఆ మూడు క్యాసెట్లూ తెచ్చాడు.

ఆదివారం మధ్యాహ్నం ఇస్మాయిల్ ఇంట్లో చాప వేసి కూర్చున్నాము. మోకాళ్ళ పక్షం ఎడమవైపు, పడక పక్షం కుడివైపు. తలుపు పక్కన ఇస్మాయిల్ వాళ్ళమ్మ. ఇది అయిపోతే హిందీ సినిమా పెడతామని ఆవిడకు మాట ఇచ్చి ఉన్నాము.

మొదటి రెండు క్యాసెట్లలో ఏం వచ్చిందో నాకు తెలీదు. నేను దేవుణ్ణి కరెంటు పోగొట్టమని అడుగుతూ ఉన్నాను. మామూలు రోజుల్లో అడక్కుండానే పోయే కరెంటు ఆ రోజు పట్టుదలగా ఉంది.

మూడోది మొదలైంది. పైన కప్పు కనిపించింది. పెద్ద హాలు! కప్పు కింద కుండపోత వాన ఎలా కురుస్తుంది? పైనుంచి తెల్లటి గీతలు దిగాయి. అవి దీపాల వెలుగులు. గిటారు మనిషి ముందుకు వచ్చాడు. రెండు కాళ్ళ మీద, ఇస్త్రీ చేసిన ప్యాంటుతో, బ్యాంకులో డీడీ కోసం నిలబడ్డవాడిలా నిటారుగా నిలబడ్డాడు. అన్నిటికన్నా ఘోరం, అతను మా గిటారాయనే కాదు. మావాడు అప్పటికే బ్యాండు వదిలిపోయినట్టున్నాడు. ఇతనెవరో క్రాఫు మనిషి.

పాట అయిపోయింది. "డ్రమ్ములాయన తాళం తప్పలేదు" అన్నాడు వరద.

ఇరవై కళ్ళు నా వైపు తిరిగాయి, ఇంకో ఇరవై దొరస్వామి వైపు. అప్పుడే నేను నోరు మూసుకుని ఉంటే ఈ కథ ఇక్కడితో అయిపోయేది.

"ఇది డూప్లికేటు" అన్నాను.

"అవునబ్బా!" అని వెంటనే అందుకున్నాడు దొరస్వామి. "నేనూ అదే అనుకుంటా ఉండా. ఒరిజినల్‌లో వానుండాది."

"శానా వాన" అన్నాను నేను.

"జోరు వాన" అన్నాడు వాడు.

జన్మలో మొదటిసారి మా ఇద్దరి అభిప్రాయం కలిసింది. మోకాళ్ళ పక్షమూ, పడక పక్షమూ ఊపిరి పీల్చుకుని ఒకటైపోయాయి. "గల్ఫులో అంతా డూప్లికేట్లే అంట" అని ఎవరో అన్నారు. పాపం, ఖాదర్ ముఖం వాడిపోయింది. కొత్తల్లుడు సముద్రం దాటించి తెచ్చిన సరుకు, అత్తగారి ముందే నకిలీ అయిపోయింది.

ఇస్మాయిల్ వాళ్ళమ్మ లేచింది.

"ఏం బేటా, మీరిద్దురూ ఆ వాన కండ్లతో చూసినారా?"

"చూసినామమ్మా."

"అయితే మిద్దె మీదికి పోదాం రండి. ఆడినుంచి కొండ కనపడతాది. మీ దేవుని కొండకి ఎదురుగా నిలబడి ఆ మాట చెప్పండి, చాలు. మా అల్లుడు తెచ్చినది నకిలీదని నేనే ఒప్పుకుంటా."

నలభై కళ్ళూ మిద్దెక్కాయి. ఎదురుగా ఏడుకొండలు. ఎప్పుడూ పొగమంచులోనో మబ్బులోనో దాక్కునే కొండ, ఆ రోజు నా కోసమే తుడిచిపెట్టినట్టు స్పష్టంగా ఉంది.

"నువ్వు ముందు సెప్పు" అన్నాడు దొరస్వామి నా చెవిలో.

"నువ్వు కదా ముందు చూసినోడివి. నువ్వే చెప్పు."

"నువ్వు తిరుపతోడివి. నీకు బాగా తెలిసిన దేవుడు."

వరద చేతులు కట్టుకుని నన్నే చూస్తున్నాడు. ఖాదర్ కూడా చూస్తున్నాడు. అతని ముఖం చూడటం కొండను చూడటం కన్నా కష్టమనిపించింది. నోరు తెరిచాను.

"అట్ట చూసినా" అన్నాను.

"ఎట్ట చూసినావు?" అన్నాడు వరద.

"అట్టరా! పెట్టె మీది అట్ట! అది తప్ప నేనేమీ చూడలేదు!"

ఖాదర్ నవ్వడం మొదలుపెట్టాడు. పిట్టగోడ పట్టుకుని, కూర్చుని, కళ్ళు తుడుచుకుంటూ నవ్వాడు. ఆ నవ్వు గాంధీ రోడ్డు దాకా వినిపించి ఉంటుంది. దొరస్వామి తల దించుకున్నాడు. దాన్ని అందరూ ఒప్పుకోలుగానే తీసుకున్నారు.

"గుండు, ఇద్దరికీ" అని తీర్పు చెప్పాడు ఇస్మాయిల్. "భాయ్, మీరంతా ఇంగ పోవచ్చు. అమ్మీకి సినిమా పెట్టాల."

మర్నాడు పొద్దున్నే అలిపిరి నుంచి నడక మొదలుపెట్టాము. దారి పొడుగునా గోవిందనామాలు చెప్పేవాళ్ళు మా జుట్టు చూసి, ఎంత పెద్ద మొక్కో అని దారి ఇచ్చారు. కళ్యాణకట్టలో మంగలాయన నా తల తడుపుతూ "ఏం మొక్కుకున్యావు నాయనా, ఇంత పెంచినావు?" అని అడిగాడు. ఏం చెప్పను? వాన కోసమని చెప్పాను. "మంచి పని. ఈయేడు మాకూ వానల్లేవు" అని ఆయన ఇంకాస్త శ్రద్ధగా గీశాడు.

దిగి వచ్చి దొరస్వామితో సహా మా ఇంటికి వెళ్ళాను. మా నాయన వాకిట్లో పేపరు చదువుతున్నాడు. తలెత్తి రెండు గుండ్లనూ చూశాడు. పేపరు కింద పెట్టేశాడు. ఆయన కళ్ళు చెమ్మగిల్లాయి.

"నేను చెప్తే వినలే. ఆ సామి చెప్తే విన్నాడు సూడు!" అని మా అమ్మను కేకేసి, వీధి వీధంతా పిలిచి చూపించాడు. దొరస్వామి వల్లే కొడుక్కు బుద్ధి వచ్చిందనుకుని వాడికి నెయ్యి వేసి మరీ వడ్డించాడు. వాడు సిగ్గు లేకుండా రెండుసార్లు వడ్డించుకున్నాడు.

సాయంత్రం చిత్తూరు బస్సెక్కించడానికి వెళ్ళాను. వాడు కిటికీ పక్కన కూర్చుని కాసేపు బోడితల నిమురుకున్నాడు.

"రత్నం, ఒక మాట. కోపం చేసుకోవద్దబ్బా. నువ్వు అట్టన్నా సూసినావు. నేను అదీ సూళ్ళేదు."

నేను కిటికీ ఊచ పట్టుకున్నాను.

"మరి పండుకోని వాయించినాడని ఎట్ల చెప్పినావురా?"

బస్సు కదిలింది. వాడు తల బయటికి పెట్టి అరిచాడు.

"నువ్వు మోకాళ్ళ మీద అంటివి. దానికన్నా కిందికి పోవాలంటే ఇంగేముండాది?"

ఆ బస్టాండులో, బోడితల మీద సాయంత్రపు గాలి తగులుతుండగా, నేను ఆనాడే నిశ్చయించుకున్నాను. చూడని కచేరీ మీద ఈ జన్మలో అభిప్రాయం చెప్పను. చూసిన కచేరీ మీద కూడా, దొరస్వామి ఆ జిల్లాలో లేడని రూఢి చేసుకున్న తరవాతే నోరు విప్పుతాను.