చీలిన తూటా గొట్టం

కడప చాచా అనగానే నాకు ఇత్తడి నలిగే చప్పుడు గుర్తొస్తుంది. రియాద్ బయట షూటింగ్ క్లబ్బులో, కాల్చేసిన తూటా గొట్టాలను మళ్లీ మందు నింపడానికి కడిగే పని మా ఇద్దరిదీ. చాచా ప్రతి గొట్టాన్నీ వెలుతురుకెత్తి చూసేవాడు. మూతి చీలి ఉంటే, ఎవరినీ అడగకుండా కటింగ్ ప్లేయర్‌తో నలిపేసేవాడు.

"చిన్న చీలికే గదా, మాఫీ ముష్కిల్, ఏం గాదు. డబ్బాల ఎయ్," అన్నాడొకసారి మా హైదరాబాదీ మేనేజరు.

"పేలి ఎవరి కన్నన్నా పోతే నీ కన్ను ఇస్తావా సార్?" అంటూనే నలిపేశాడు చాచా.

ఆ దేశంలో ఉండనిచ్చే ఇకామా కార్డు రెన్యూ చెయ్యనని బెదిరించి, మేనేజరు ఆ కటింగ్ ప్లేయర్‌ను బీరువాలో పెట్టి తాళం వేశాడు. మర్నాడే ఇంకో చీలిన గొట్టం దొరికింది. చాచా దాన్ని మేనేజరు ముందే నేలమీద పెట్టి, బూటు మడమతో తొక్కేశాడు.

"కాళ్లకు గూడా తాళమేస్తావా సార్?"