ఇన్‌సుక్ అక్క చల్లిన ఉప్పు

బాంగ్ ఇన్‌సుక్ అక్క మాటెత్తితే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. కొరియాలో గాంగ్‌వాన్ కొండల కింద, పాత ఇనుప గనిలో స్ఫటికాలు అమర్చుకుని, కంటికి కనబడని కృష్ణ పదార్థం (డార్క్ మ్యాటర్) తగిలి ఎప్పుడు మెరుస్తాయా అని కాపలా కాసే గుంపు మాది. అందులో ఆడవాళ్ళం ఇద్దరమే, అక్కా నేనూ. ఆ స్ఫటికాల్ని ఒక్కొక్కటే తుడిచి పేర్చింది అక్కే. అయినా ఏడాదికోసారి కాంట్రాక్టు పొడిగించుకునే బతుకు.

మా పనిలో ఒక పద్ధతుంది. ఆశ కొద్దీ లేనిదాన్ని ఉన్నట్టు చూస్తామేమోనని, మాలో ఒకరు రహస్యంగా నమోదైన మెరుపుల్లో దొంగ మెరుపులు కలిపేస్తారు. దాన్ని ఉప్పు చల్లడం అంటాం. చివర్లో ఆ ఉప్పు తీసేశాకే అసలు ఫలితం తేలుతుంది. చల్లేదెవరో మా పెద్ద నామ్‌గుంగ్ సార్‌కి ఒక్కరికే తెలుసు. ఎంత చల్లారో ఆయనకీ తెలీదు. చల్లేవాళ్ళు లెక్కల జోలికి రాకూడదు, పేపర్లు రాయకూడదు.

అక్క రెండేళ్ళుగా ఒక్క పేపరూ రాయలేదు. మావాళ్ళు ఊరుకుంటారా? "పిల్ల పుట్టాక ఆవిడ బుర్రని కిమ్చీ జాడీలో పెట్టి మూతేసింది" అని మా గుంపులోని తే-ఓ నవ్వేవాడు. అక్క విననట్టే సూప్ తాగేది.

ఆ వసంతంలో యూనివర్సిటీలో ప్రొఫెసర్ ఉద్యోగం పడింది. ఒక్కటే. "ఇది రాకపోతే ఇక నా వయసుకి ఎవరూ పిలవరే" అంది అక్క నాతో. సరిగ్గా అప్పుడే తే-ఓ గీసిన గ్రాఫులో మూపురంలా ఒకటి లేచింది, కృష్ణ పదార్థం దొరికిందన్నట్టు. ఇంటర్వ్యూలో దాన్నే చూపించాడు. అక్కనేమో "రెండేళ్ళుగా ఏం చేస్తున్నారు?" అని అడిగారు. "ఇప్పుడు చెప్పలేను" అందట. కమిటీలో ఉన్న మా సార్ బార్లీ టీ తాగుతూ కూర్చున్నారట. ఉద్యోగం తే-ఓకి ఇచ్చారు.

మరుసటి వారమే అసలు ఫలితం చూసే రోజు. హాల్లో పండక్కి తినే బియ్యప్పిండి తొక్‌లు పళ్ళాల్లో పేర్చారు. తెర మీద మూపురం. "ఇక ఉప్పు తీసెయ్యండి" అన్నారు సార్.

వెనక వరసలోంచి ఇన్‌సుక్ అక్క లేచింది.

అక్క వెళ్ళి ఒక మీట నొక్కింది. మూపురం మాయమై గీత చదునుగా పడుకుంది. అదంతా అక్క చల్లిన ఉప్పే. తే-ఓ నోట్లో తొక్ నోట్లోనే ఉండిపోయింది. తను చేసిన దొంగ మూపురాన్నే చూపించి తే-ఓ తనకి రావాల్సిన ఉద్యోగాన్ని తన్నుకుపోతుంటే, ఈ మనిషి నోరెలా మూసుకుని ఉంది?

"ఉప్పు చల్లే పని అక్కదని మీరైనా కమిటీలో చెప్పాల్సింది కదా సార్" అన్నాను.

"రహస్యం రహస్యమే కదమ్మా" అన్నారాయన. పైగా "ఎంత బాగా దాచారో" అని అక్కకేసి చప్పట్లు కొట్టారు.

అక్క తన గని హెల్మెట్ తెచ్చి బల్ల మీద పెట్టింది. "నా కాంట్రాక్టు నెలాఖరుకి అయిపోతుంది సార్. వచ్చే విడతకి ఉప్పు చల్లే మనిషిని చూసుకోండి."

సార్ హాలంతా కలయజూశారు. అంతమంది మగవాళ్ళని దాటుకుని ఆ చూపు నా దగ్గరికొచ్చి ఆగింది. "ఓపిగ్గా చెయ్యాల్సిన పని. నువ్వైతే..."

"తే-ఓకి చెప్పండి సార్" అన్నాను. "పక్కా ఉద్యోగం వచ్చిందిగా. రెండేళ్ళు పేపరు రాయకపోయినా అతన్ని ఎవరూ ఏమీ అడగరు."