పాఠంలో లేని మాట

తెనాలిలో రేపల్లె బండి ఎక్కగానే పరుగు బూట్లను సీటు కిందికి తోసేశాను. దిగేటప్పుడు అక్కడే వదిలేద్దామనుకున్నాను. ఆర్మీ సెలక్షన్లలో పరుగు దగ్గరే పోవడం అది రెండోసారి. చేతి మీద స్కెచ్ పెన్నుతో వేసిన నంబరు ఎంత రుద్దినా పోలేదు.

ఎదురు సీట్లో ముప్పై ఏళ్ళ ఆవిడ నోటుపుస్తకం తెరిచి బట్టీ పడుతోంది.

"మో బిన్ అంటే సైన్యాన్ని కూడగట్టడం. త్వియెన్ క్వన్ అంటే సైనికుల్ని ఎంపిక చేయడం."

"అదేం భాషక్కా?"

"వియత్నామీస్. అడవులదీవి దగ్గర రొయ్యల కంపెనీకి ఆ దేశం వాళ్ళు వస్తుంటారు. దుబాసీ పని ఇస్తామన్నారు. ఈ వారం పాఠం సైన్యం."

"ఎంపిక కానివాణ్ణి ఏమంటారండి?"

ఆవిడ నా చేతి మీది నంబరు చూసింది. పేజీలన్నీ తిప్పింది.

"ఆ మాట పాఠంలో లేదు తమ్ముడూ. నీకెన్నేళ్ళు?"

"పంతొమ్మిదండి."

జాబితా చివర పెన్సిలుతో తెలుగులో రాసింది: మళ్ళీ పరిగెత్తేవాడు. పక్కన ఖాళీ వదిలింది.

"దీనికి వాళ్ళ మాటేంటో మా సార్‌ని అడుగుతాలే."

వేమూరులో దిగిపోయింది. రేపల్లె వచ్చేసరికి బూట్లు నా కాళ్ళకున్నాయి.