తాళం వీడియోలు

గ్యాస్ కట్టేశానా లేదా అన్న అనుమానం నాకు పెళ్లికి ముందు నుంచీ ఉంది. ఒకసారి పంజాగుట్ట ఫ్లైఓవర్ ఎక్కాక మా ఆయన చేత బండి వెనక్కి తిప్పించాను. ఇంటికొచ్చి చూస్తే కట్టే ఉంది. ఆయన మళ్లీ మెట్లు దిగుతూ, "రేపటి సంది నేనే సబూత్ పంపిస్త. ఇగ నువ్వు ఫికర్ చేయకు" అన్నారు. మాది గోదావరి వైపు, వాళ్లది సిద్దిపేట వైపు. సబూత్ అంటే రుజువని అడిగి తెలుసుకున్నాను.

ఆ మర్నాడే వీడియోలు మొదలయ్యాయి. నా ఆఫీసు పంజాగుట్టలో, పొద్దున్నే వెళ్లిపోతాను. ఆయన మైత్రీవనంలో కోచింగ్ చెప్పేవారు. క్లాసులు ఆలస్యంగా మొదలవుతాయి కాబట్టి అమీర్‌పేటలో మా ఇంటికి తాళం వేసేది ఆయనే. రోజూ బయల్దేరే ముందు సిలిండర్ మీది రెగ్యులేటరు, గీజర్ స్విచ్, వేసిన తాళం, అన్నీ వరసగా వీడియో తీసి చాట్‌లో పంపేవారు. ఆఫీసులో పక్క సీటువాళ్ల చెవిన పడకూడదని నేను సౌండ్ తీసేసి చూసేదాన్ని. తాళం కనిపిస్తే చాలు, బొటనవేలు బొమ్మ ఒకటి పెట్టి పనిలో పడిపోయేదాన్ని. సాయంత్రం ఇంటికొచ్చి, ఆ తాళం నేనే తీసి కూర్చున్నాక, దాని వీడియో మళ్లీ ఎవరు చూస్తారు?

ఒకరోజు ఆయన క్లాసులోనే గుండెనొప్పితో పడిపోయారు. చేతిలోని ఫోన్ పగిలిపోయింది, మళ్లీ వెలగలేదు. పంజాగుట్టలోని ఆసుపత్రికి నేను ఆఫీసు నుంచి నడిచే వెళ్లాను. అప్పటికే అయిపోయింది. అందరూ నన్ను ఏడవమన్నారు. ఏడుపు రాలేదు. వచ్చినవాళ్లకు టీ పెట్టి ఇచ్చాను.

కొన్నాళ్లకు నా ఫోన్ పోరు పెట్టడం మొదలుపెట్టింది, క్లౌడ్ నిండిపోయింది, ఇక కొత్తవి దాచలేనని. మా ఇద్దరికీ ఒకటే ఖాతా, ఎవరు తీసినవైనా అందులోకే చేరేవి. ఏదో ఒక పని ఉండాలి కదా అని ఒక ఆదివారం మధ్యాహ్నం కూర్చున్నాను. ఆయన కనిపించేవి ఉంచాలి, మిగతావి తీసేయాలి, అదీ నా పద్ధతి. పెళ్లిళ్లు, పుట్టినరోజులు ఉంచాను. వాటిలో ఆయన ఏదో ఒక మూల నిలబడి ఉంటారు, బ్యాండు మోగుతూ ఉంటుంది. తాళాల వీడియోలన్నీ క్లౌడ్‌లోంచి, నా ఫోన్‌లోంచి తీసేశాను. చెత్తబుట్టలో ఉన్నా చోటు తింటాయని దాన్నీ ఖాళీ చేశాను. ఆ తర్వాత ఫోన్ మళ్లీ నోరెత్తలేదు.

మొన్న ఎదురు ఫ్లాట్‌లో ఉండే పెద్దావిడ పప్పు గిన్నె తెచ్చిచ్చారు. అన్నం తింటున్నావా అని అడిగి, వెళ్లబోతూ మా తలుపు గొళ్లెం వంక చూశారు.

"తమ్ముడు రోజు తాళమేసినంక గీడనే నిలబడి ఫోన్ల నీతోని ముచ్చట పెడుతుండె, నవ్వుకుంట. ఏం చెప్తుండె చెల్లె?"

ఏవో ఇంటి సంగతులండీ అన్నాను. తలుపు వేసుకున్నాను.

ఛీ, నా చెవులు తగలెయ్య. అన్ని రోజుల్లో ఒక్క రోజైనా సౌండ్ పెట్టుకుని చావలేకపోయానా? ఆ కోపం కూడా ఎక్కువసేపు నిలవలేదు. పప్పు గిన్నె గట్టు మీద పెట్టి, క్లౌడ్‌లో వెతికాను. ఏమీ లేదు. చెత్తబుట్టలోనూ లేదు. ఆఖరికి మా చాట్ తెరిచాను. అక్కడ ఉన్నాయి, వరసగా. మసగ్గా తాళం బొమ్మలు, ఒక్కోదాని కింద నేను పెట్టిన బొటనవేలు. సౌండ్ మొత్తం పెంచి, చివరిదాన్ని నొక్కాను.

ఈ వీడియో మీ ఫోన్‌లో లేదు, పంపినవారిని మళ్లీ పంపమని అడగండి, అని వచ్చింది.