ల్యాప్‌టాప్ పక్కన సిస్టరమ్మ

మా ఎదురు వాటా సిస్టరమ్మ పోయారు. ఆ కబురు వీధికి చెప్పింది నేనే. మెట్లు దిగి కింద కిరాణా కొట్టు భాయ్‌కి చెబితే, ఆయన త్రాసులో సగం పోసిన కందిపప్పును అలాగే వదిలేసి మా మేడ వైపు చూస్తూ నిలబడిపోయాడు. "పొద్దున్నే కదమ్మా బాల్కనీలోంచి సెయ్యూపారు," అన్నాడు. అవును, ఊపారు. నేనూ చూశాను. పొద్దున చెయ్యి ఊపిన మనిషి సాయంత్రానికి లేకపోవడం ఏమిటో ఆయనకీ అర్థం కాలేదు, నాకూ కాలేదు. అర్థమయ్యాక రాద్దామని కూర్చుంటే ఈ జన్మకి రాయలేను కాబట్టి, గుర్తున్నది గుర్తున్నట్టే చెబుతున్నాను.

పూర్ణా మార్కెట్ వెనక సందులో మా ఇల్లు. మేడ మీద రెండు వాటాలు, మధ్యన ఒకటే వరండా. ఒక వాటాలో నేనూ మా ఆయనా. రెండో దాంట్లో ఆవిడొక్కరే. ఉద్యోగమంతా ఆసుపత్రి వార్డుల్లో నర్సుగా చేసి రిటైరయ్యారు. పెళ్లి చేసుకోలేదు. నా అనేవాళ్లలో యారాడలో ఉండే చెల్లెలు ఒక్కరే. వీధంతా సిస్టరమ్మ అని పిలిచేది, కాపురానికి వచ్చిన రోజు నుంచి నేనూ అదే పిలిచాను. ఆవిడ అసలు పేరు సమాధుల తోటలో పాస్టరుగారు చదివేదాకా మాలో సగం మందికి తెలియదు.

ఆవిడ చేతికి మన చెయ్యి దొరికితే చాలు, వేళ్లు వాటంతట అవే మణికట్టు మీదకి పాకేవి. పలకరింపుకు చెయ్యి పట్టుకున్నా అంతే, పండక్కి కేకు పెట్టినా అంతే. మాట్లాడుతూనే ఉంటారు, మధ్యలో చూపు గోడ గడియారం మీదకి పోతుంది. "రాత్రి నిద్దర పోనేదు నువ్వు," అనేవారు. మా ఆయన మాత్రం ఆవిడ కనపడగానే చేతులు వెనక్కి పెట్టుకునేవాడు, ఎక్కడ సిగరెట్టు సంగతి నాడి చెప్పేస్తుందోనని. భయపడ్డవాడికి బయటపడక తప్పదు కదా. "సేతులు దాసుకున్నోడి సంగతి నాడి సూసి సెప్పాలా?" అని ఒకసారి నవ్వారు. ఆ నెలంతా మా ఇంట్లో అదే గొడవ.

నాది ఓడల్లో వెళ్లే సరుకుకు కాగితాలు తయారుచేసే కంపెనీలో ఉద్యోగం. ఆఫీసు సీతమ్మధారలో ఉన్నా, చాలా రోజులు ఇంటి నుంచే పని. కిందటి వేసవిలో ఆఫీసువాళ్లు ఇచ్చిన ల్యాప్‌టాప్‌లో ఫ్యాన్ మోగడం మొదలుపెట్టింది. మా సందులో కిటికీ మూస్తే ఉక్క, తీస్తే ఓడరేవు నుంచి వచ్చే నల్లటి బొగ్గు పొడి. ఆ పొడంతా దాని కడుపులోకే పోయిందేమో, తెరవగానే గుర్రుమనేది, పని ఎక్కువైతే బుస్సుమనేది. కాల్‌లో నేను మాట్లాడుతుంటే అవతలివాళ్లు రెండేసి సార్లు చెప్పించుకునేవాళ్లు. అసలే నాకు ఓపిక తక్కువ. దాన్ని తిట్టని తిట్టు లేదు.

సిస్టరమ్మ మధ్యాహ్నాలు మా ఇంటికి వచ్చి కూర్చోవడం కూడా ఆ వేసవిలోనే మొదలైంది. చేతిలో లేసు అల్లిక, వారానికోసారి చెల్లెలు పంపిన కానాగంత చేపలు. కుర్చీ తెచ్చి నా బల్ల పక్కనే, కెమెరాలో పడకుండా, ల్యాప్‌టాప్‌కి ఆనుకున్నట్టుగా వేసుకునేవారు. "ఆ సప్పుడు పక్కన ఎలా కూర్చుంటారు సిస్టరమ్మా?" అంటే, "సప్పుడుంటేనే నాకు బాగుంటాది పాపా. వార్డు సైలెంటయిపోయిందంటేనే నాకు బయం," అన్నారు.

బాగుచేయిస్తానంటే మాత్రం ఒప్పుకునేవారు కాదు. "ముసల్ది, మూలుగుతాది. మూలగనీ. దాని మానాన దాన్ని వొగ్గీ," అనేవారు. యంత్రం మీద ఇంత జాలేమిటని నాకు నవ్వొచ్చేది. ఒకసారి అల్లిక ఆపి, తనలో తాను అనుకుంటున్నట్టు ఇంకో మాట అన్నారు. "ఊపిరి ఉప్పులాంటిది పాపా. సరిపడా ఉంటే ఎవరికీ గుర్తురాదు. తక్కువైతేనే అందరికీ తెలిసిపోద్ది." అది ఎందుకన్నారో నేను అడగలేదు. కాల్ వచ్చింది, ఎత్తాను.

వానాకాలం వచ్చేసరికి ఆ చప్పుడు మారింది. ఇదివరకు ఒకే తీరున మోగేది కాస్తా, లాగి లాగి మోగడం మొదలుపెట్టింది. ఒకసారి లాగి, ఆగి, మళ్లీ లాగేది. చివర సన్నటి ఈల లాంటిది ఉండేది. ఒకరోజు హైదరాబాదు నుంచి మా టీమ్ లీడ్ మొహమాటపడుతూ, "ఏమీ అనుకోకండి, మీ వెనకాల ఎవరైనా పడుకుని ఉన్నారా?" అని అడిగాడు. ఫ్యాన్ అండీ అన్నాను. "ఫ్యాన్ అయితే మధ్యలో ఆగదు కదండీ," అన్నాడు. పక్కకి చూస్తే సిస్టరమ్మ తల వంచుకుని లేసు అల్లుకుంటున్నారు. సూది మాత్రం కదలడం లేదు.

ఇక లాభం లేదని కంపెనీకి ఫిర్యాదు రాశాను. శబ్దం భరించలేకుండా ఉంది, పనికి అడ్డం వస్తోంది, వెంటనే తీసేయండి అని రాశాను. సీతమ్మధార తీసుకెళ్లి సిస్టమ్స్ విభాగం ఆయనకి ఇచ్చాను. ఆయన విప్పి, మసి గుడ్డ పిండినట్టు నల్లటి పొడి తీసి, కొత్త ఫ్యాన్ వేసి ఇచ్చాడు. ఇంటికి తెచ్చి బల్ల మీద పెట్టాను. మధ్యాహ్నం కాల్ మొదలైంది. లాగి, ఆగి, మళ్లీ లాగి, అదే చప్పుడు.

కోపంతో మళ్లీ తీసుకెళ్లాను. ఈసారి ఆయన సాయంత్రం దాకా ఉంచుకుని ఫోన్ చేశాడు. "మేడం, పొద్దున్నించి ఆన్ సేసి పక్కనే పెట్టుకున్నాను. పిల్లి పడుకున్నట్టున్నాది, సప్పుడే నేదు. మీ ఇంట్లో ఏటున్నాదో సూసుకోండి," అన్నాడు. ఆయన వేళాకోళానికే అన్నాడు. నేను మాత్రం ఆ రోజు ఇంటికి వచ్చి, లైట్లన్నీ వేసుకుని కూర్చున్నాను.

ఆ మర్నాడు మధ్యాహ్నం కరెంటు పోయింది. పని ఆపేసి ల్యాప్‌టాప్ పూర్తిగా కట్టేశాను. పైన ఫ్యాన్ నెమ్మదిగా ఆగింది. లోపల ఫ్రిజ్ ఆగింది. కింద కొట్టులో రేడియో ఆగింది. ఒక్కసారిగా ఇల్లంతా నిశ్శబ్దమైపోయింది. ఆ నిశ్శబ్దంలో బల్ల దగ్గర ఆ చప్పుడు మాత్రం ఆగలేదు. లాగి, ఆగి, సన్నటి ఈలతో మళ్లీ లాగింది. ల్యాప్‌టాప్ మీద అరచెయ్యి వేశాను. అందులో ఏ కదలికా లేదు. నేను తల తిప్పాను. తిప్పగానే చప్పుడు ఆగిపోయింది.

కుర్చీలో సిస్టరమ్మ నన్నే చూస్తున్నారు. పెదవులు గట్టిగా బిగించుకుని ఉన్నారు. మెడ నరాలు ఉబ్బాయి, కళ్లల్లో నీళ్లు తిరిగాయి. ఊపిరి బిగబట్టారని నాకు తట్టడానికి కొంచెం సేపు పట్టింది. ఎంతోసేపు ఆపలేకపోయారు. ఆ చప్పుడు ఆవిడ గుండెలోంచి ఎగదన్నుకుని వచ్చింది. నేను తీసేయమని ఫిర్యాదు రాసింది ఒక మనిషి ఊపిరిని.

"ఎన్నాళ్ల నుంచి సిస్టరమ్మా?" అన్నాను.

"ఎండాకాలం నుంచీని," అన్నారు, కొంచెం తేరుకున్నాక. "నీ మిషన్ది అనుకుంటారని దాని పక్కన కూకున్నాను. నువ్వు దాన్ని బాగుసేయించీసి నా కొంప ముంచీసావు."

ఆ స్థితిలో కూడా నవ్వారు. నాకు నవ్వు రాలేదు, ఏడుపు వచ్చింది. ఆవిడ నా చెయ్యి పట్టుకున్నారు, వేళ్లు అలవాటుగా మణికట్టు మీదకి వచ్చాయి. "ఇది ఏటో నాకు తెలుసు. ఎక్కడిదాకా పోద్దో కూడా తెలుసు. సెల్లికి తెలిస్తే ఆసుపత్రిలో పడేత్తాది. నాను సానామందిని సాగనంపాను పాపా. మిషన్ల మద్దెన పోయినోళ్లు ఎవరి మొకమూ సూడకుండా పోతారు. నన్ను నా గదిలోంచే పోనీండి. ఇంకేటీ అడగను."

చెల్లెలికి చెప్పకుండా ఉండనని నేనూ మొండికేశాను. డాక్టరుని ఇంటికే పిలుద్దాం, చెల్లెలికి నిజం చెబుదాం, ఆపైన మిమ్మల్ని ఎవరూ ఈ మేడ దింపకుండా నేను చూస్తానని మాటిచ్చాను. వచ్చిన డాక్టరుగారు కుర్రతనంలో ఆవిడ వార్డులోనే పని నేర్చుకున్నాయన. పరీక్ష చేసి, ఆవిడ మంచం మీదే కూర్చున్నారు. ఆసుపత్రిలో చేర్చినా ఊపిరితిత్తులు మునుపటిలా కావని, ఇంట్లో ఆక్సిజన్ మిషన్ పెట్టుకుంటే కొంత సుఖంగా ఉంటుందని చెప్పారు. చెల్లెలు ఏడ్చారు, నన్ను తిట్టారు, ఆ తర్వాత ఒప్పుకున్నారు.

అప్పటి నుంచి నా ల్యాప్‌టాపే వరండా దాటి ఆవిడ గదిలోకి వెళ్లింది. మంచం పక్కన నేను పని చేసుకునేదాన్ని. ఆయాసం ఎక్కువైనప్పుడు ఏం చెయ్యాలో ఆవిడే నేర్పారు. వార్డులో ఆయాసంతో బెదిరిపోయిన రోగి ఎదురుగా కూర్చుని, ముక్కుతో గాలి తీసుకుని, దీపం ఆర్పకుండా ఊదుతున్నట్టు పెదవులు సున్నాలా చుట్టి నెమ్మదిగా వదిలేవారట. "నాను తీసినట్టు తియ్యి అనీదాన్ని. బయపడినోడు తన ఊపిరి వొగ్గీసి మన ఊపిరి పట్టుకుంటాడు. ఎదురుగున్నోళ్లు మాత్రం తొందర పడకూడదు," అన్నారు. ఇప్పుడు నేను ఎదురుగా కూర్చున్నాను. నేను తీసేదాన్ని, ఆవిడ నా పెదవుల వైపు చూస్తూ అందుకునేవారు. కాసేపటికి ఇద్దరి ఊపిరి ఒకటయ్యేది. ఏది ఎవరిదో తెలిసేది కాదు. చెప్పడానికి సిగ్గెందుకు, ఆ క్షణాల్లో నాకు భయమేసేది. ఆవిడ అందుకుంటున్నారా, నన్ను లాక్కుంటున్నారా అనిపించేది.

పొద్దున బాల్కనీలోంచి భాయ్‌కి చెయ్యి ఊపిన రోజు, మధ్యాహ్నం భోజనాలయ్యాక ఆయాసం మొదలైంది. మిషన్ పెంచినా తగ్గలేదు. డాక్టరుగారు బయలుదేరానన్నారు. యారాడ నుంచి చెల్లెలు ఫోన్‌లో, "అంబులెన్సు పిలిసీయమ్మా, నీ కాళ్లు పట్టుకుంటాను," అని ఏడుస్తున్నారు. ఫోన్ నా చేతిలోనే ఉంది. పిలిస్తే పదినిమిషాల్లో వచ్చేది. సిస్టరమ్మ నా చేతిలో ఫోన్‌ని చూశారు, నన్ను చూశారు. ఇచ్చిన మాట ఎంత బరువుంటుందో నాకు ఆ చూపులో తెలిసింది. "అక్కతో మాట్లాడండి," అని ఫోన్ ఆవిడ చెవి దగ్గర దిండు మీద పెట్టాను. యారాడ నుంచి చెల్లెలు ఏడుపు ఆపుకుని ప్రార్థన మొదలుపెట్టారు. నేను ఎదురుగా కూర్చుని ఊపిరి తీశాను.

ఆవిడ అందుకున్నారు. నేను వదిలాను, ఆవిడ వదిలారు. తొందర పడకూడదన్నారు కదా, పడలేదు. ఆవిడ కళ్లు నా మొహం మీదే ఉన్నాయి. గదిలో మిషన్ మోగుతోంది, దిండు మీద ప్రార్థన వినిపిస్తోంది, మా ఇద్దరి ఊపిరీ నడుస్తోంది. డాక్టరుగారు లోపలికి వచ్చి, ఆవిడ మణికట్టు పట్టుకుని, మెల్లగా నా భుజం మీద చెయ్యి వేసి, "ఇంక ఆపమ్మా," అన్నారు. ఎప్పటి నుంచి నేనొక్కదాన్నే తీస్తున్నానో నాకు తెలియదు.

పోయినవాళ్ల కోసం ఇంట్లో జరిపే ప్రార్థన, ఆదరణ కూడిక నాడు ఆవిడ వార్డుల్లో పనిచేసిన ఆయాలు, పాత నర్సులు, ఆవిడ చేతి మీద బతికి బయటపడ్డవాళ్లు వరండా నిండా వచ్చారు. చెల్లెలు అందరి ముందూ నా రెండు చేతులూ పట్టుకుని, "మా అక్క నీ మొకం సూసుకుంటూ పోయిందమ్మా," అన్నారు. అంతకు మించిన కృతజ్ఞత నాకు అక్కర్లేదు. సిస్టరమ్మ నాకు ఇచ్చినదానికి నా కృతజ్ఞత ఎవరికి చెప్పుకోవాలో మాత్రం తెలియలేదు.

మర్నాడు ఆక్సిజన్ మిషన్ వెనక్కి పంపేశాం. ల్యాప్‌టాప్ తిరిగి మా ఇంట్లో బల్ల మీదకి వచ్చింది. బల్ల పక్కన ఆవిడ కుర్చీ తీసేద్దామని మా ఆయన అంటే ఉండనివ్వమన్నాను. నిన్న మధ్యాహ్నం కాల్‌లో ఎవరో లెక్కలు చెబుతుంటే వింటున్నాను. మధ్యలో టీమ్ లీడ్ ఆగి, "మీ ఫ్యాన్ మళ్లీ మొదలైనట్టుందండీ," అన్నాడు. చెవి పెట్టి విన్నాను. ల్యాప్‌టాప్ చప్పుడు చెయ్యడం లేదు. గదిలో నిజంగానే ఒక ఊపిరి నడుస్తోంది. నెమ్మదిగా లోపలికి తీసుకుని, ఆగి, సున్నాలా చుట్టిన పెదవుల మధ్య నుంచి అంతకన్నా నెమ్మదిగా వదులుతున్నది నేనే. ఎదురుగా ఉన్న మనిషి అందుకోవడానికి వీలుగా తీస్తున్నాను. "సారీ అండీ," అని మైకు కట్టేశాను. ఊపిరి మాత్రం మార్చలేదు. కుర్చీ వైపు చూస్తూ, అందుకునేవాళ్లకి కష్టం కాకుండా, ఇంకాస్త నెమ్మదిగా తీశాను.