తవిటయ్య చిన్నాన్న వేసిన బిళ్ల

ఖరగ్‌పూర్ రైల్వే వర్క్‌షాపు ఫైర్ బ్రిగేడ్‌లో జీవితమంతా పనిచేసిన తవిటయ్య చిన్నాన్న గత మంగళవారం ఆసుపత్రిలో పరమపదించారు. రిటైరవడానికి నాలుగు నెలలే ఉన్నాయి. ఆదివారం నాతో బాగానే మాట్లాడిన మనిషి. ఆసుపత్రి వార్డుబాయ్ కబురు తెచ్చాడు. ఇంకెవరికి చెప్పాలని అతను అడిగాడు. ఇంకెవరూ లేరన్నాను.

ఆయన నాకు రక్తబంధువు కారు. మా నాన్న అప్పలస్వామికి బ్రిగేడ్‌లో జతగాడు. ఇద్దరూ శ్రీకాకుళం వైపు నుంచి బతుకుతెరువు కోసం ఒకే రైల్లో వచ్చారు.

వర్క్‌షాపులో ప్రతివారికీ నంబరున్న ఇత్తడి బిళ్ల ఉంటుంది. వెళ్లేటప్పుడు దాన్ని గేటు దగ్గరి పెట్టెలో వేస్తే డ్యూటీ ముగిసినట్టు. పని మిగిలినవాడు తర్వాత గేటు దగ్గర ఆగనక్కర్లేకుండా, అతని బిళ్ల కూడా ముందు వెళ్లేవాడే వేసెయ్యడం అక్కడ అందరికీ అలవాటు. నాకు ఆరేళ్లప్పుడు ఒక సాయంత్రం నాన్న తడిసిన గొట్టాలు ఆరబెడుతూ తన బిళ్ల చిన్నాన్న చేతిలో పెట్టారట. ఆయన రెండు బిళ్లలూ వేసి ఇంటిదారి పట్టారు. మలంచా రోడ్డు ఎక్కకముందే పెయింటు గోదాము అంటుకుంది. లోపల చిక్కుకున్న ఇద్దరిని నాన్న బయటికి తెచ్చారు. మూడోసారి వెళ్లి మరి రాలేదు.

విచారణలో నాన్న ధైర్యాన్ని అందరూ కొనియాడారు. కానీ బిళ్ల పెట్టెలో ఉంది కనుక, డ్యూటీ ముగిశాక తనంతట తాను మంటల్లోకి వెళ్లిన మనిషని రాశారు. విధినిర్వహణలో మరణించినవారి కుటుంబానికి దక్కే పింఛను గానీ ఉద్యోగం గానీ మాకు రావన్నారు. క్వార్టర్సు ఖాళీ చెయ్యమని కాగితం వచ్చింది.

ఒకరి బిళ్ల ఇంకొకరు వెయ్యడం ఉద్యోగం ఊడే నేరం. నోరు మెదపవద్దని తోటివాళ్లు చిన్నాన్నను బతిమాలారు, ఆయన చెబితే అందరి గుట్టూ బయటపడుతుంది మరి. రెండు రోజులు ఆయన అన్నం ముట్టలేదు. మూడోరోజు అధికారి ముందు నిలబడి హిందీలో అంతా చెప్పేసి, నేరుగా మా గుమ్మం ముందుకు వచ్చారు.

"వదినా, అన్న బిళ్ల ఏసింది నానే. అన్న డ్యూటీలోనే సచ్చిపోనాడు. అదే రాయించి వచ్చినాను" అన్నారు.

మాకు రావలసినవన్నీ వచ్చాయి. ఆయన ఉద్యోగం దక్కింది గానీ పదోన్నతి శాశ్వతంగా ఆగిపోయింది. గేటు దగ్గర నిఘా పెరిగేసరికి, అందరి నోట్లో మన్ను కొట్టాడని తోటివాళ్లు మాటలు మానేశారు. పిల్లనిస్తామన్నవాళ్లూ వెనక్కి తగ్గారు. మధ్యాహ్నం నీళ్ల పంపు పక్కన క్యారేజీ విప్పుకుని ఒక్కరే తినేవారు, అన్నేళ్లూ. ఆయన ఎవరినీ ఒక్క మాట అనలేదు. నాకు మాత్రం వాళ్ల మీద కోపం ఇప్పటికీ చల్లారలేదు. ఖాళీ చెయ్యమన్న ఆ కాగితం వాళ్ల గుమ్మంలోకి వచ్చి ఉంటే తెలిసేది.

ప్రతి నెలా మొదటి ఆదివారం వచ్చి మా బాగోగులు కనుక్కునేవారు. ఎంత రమ్మన్నా లోపలికి వచ్చేవారు కారు, గోడకానుకుని టీ తాగి వెళ్లిపోయేవారు. ఒకసారి అమ్మకు ఒళ్లు మండింది.

"ఏటి తవిటయ్యా, మేం పరాయోళ్లమా?"

"అన్న కూకున్న సోట నాను కూకోలేను వదినా."

అమ్మ పోయిన రోజున కూడా వీధిలోనే నిలబడి ఏడ్చారు.

నాన్న ప్రాణానికి బదులుగా ఇచ్చిన ఉద్యోగంలో, వయసు వచ్చాక, నేను చేరాను. సిబ్బంది సర్వీసు పుస్తకాలు చూడటం నా పని. నిన్న ఆయన పుస్తకం నా బల్ల మీదికి వచ్చింది. ప్రశంసల పేజీ ఖాళీ. శిక్షల పేజీలో ఒకే ఒక్క పంక్తి, ఇతరుని బిళ్ల వేసినందుకని. ఆ పంక్తి పెట్టిన అన్నమే నేను ఇన్నాళ్లూ తిన్నాను. అటువంటి పుణ్యమూర్తి మళ్లీ ఈ ఊళ్లో పుడతారన్న ఆశ నాకు లేదు. చివర వారసుల గడిలో తన చేత్తోనే "ఎవరూ లేరు" అని రాసుకున్నారు.

ఆ గడిలో నా పేరు చేర్చడానికి నిబంధనలు ఒప్పుకోవు. అందుకని ఇక్కడ రాస్తున్నాను. మృతుడు, తవిటయ్య. వారసురాలు, అప్పలస్వామి కూతురు నరసమ్మ.