ఒడిల్ అత్త పోలికలు

మనిషి కంటబడితే చాలు, పోలిక చెప్పకుండా ఉండలేదు ఒడిల్ అత్త. ఆ పోలికలు సినిమా తారలతో అయితే ఊరంతా ఆవిడను నెత్తిన పెట్టుకునేది. కానీ ఆవిడ పోల్చేది ఊళ్లోని పాతకాలపు పెద్ద చర్చి, కెథడ్రల్ గోడ మీది రాతి బొమ్మలతో. అక్కడ దేవదూతలూ పుణ్యాత్ములూ బోలెడుమంది ఉన్నా, ఆవిడ కంటికి ఆనేవి మాత్రం దయ్యాలూ, కోతులూ, చూరు అంచున నోరు తెరుచుకుని వాననీళ్లు కక్కే భూతాలూ.

కెథడ్రల్ ఎదురుగానే ఆవిడ చీజ్ కొట్టు. పావుకిలో చీజ్ కొన్నవాళ్లకు పోలిక ఉచితం.

"రండి మేయర్ గారూ! నిన్న వానలో ఆ మూల తూము దగ్గర మిమ్మల్నే చూశాను."

"నిన్న నేను పారిస్‌లో ఉన్నానే!"

"మీరు లేకపోతేనేం? మీ నోరుంది. ఆగకుండా కక్కుతూనే ఉంది."

పెళ్లిళ్లలోనూ అంతే. పెళ్లికూతురు క్లోతిల్డ్ గడ్డం పట్టుకుని, "నరకం వాకిట్లో బాణలి ముందు గరిటె పట్టుకున్న పిల్లదయ్యమే తల్లీ, అచ్చు గుద్దినట్టు!" అంది. పెళ్లికొడుకు పగలబడి నవ్వాడు. "నువ్వు నవ్వకు నాయనా. ఆ బాణలిలో ఉడుకుతున్నది నువ్వే."

ఊళ్లో పోలిక దక్కనివాడు ఒక్కడే, పక్క కొట్టు రొట్టెలవాడు ఆన్సెల్మ్. చిన్నప్పుడు జబ్బుచేసి అతని ముఖంలో ఎడమ సగం కదలదు. నవ్వితే కుడివైపు పెదవి పైకి పోతుంది, ఎడమవైపు అలాగే ఉండిపోతుంది. అందుకని నవ్వొచ్చినప్పుడల్లా చెయ్యి అడ్డం పెట్టుకునేవాడు. పొద్దున్నే రెండు చేతులా రొట్టెల బుట్ట పట్టుకుని అత్త కొట్టుకు వచ్చేటప్పుడు మాత్రం ఆ వీలుండేది కాదు. ఆవిడ అతని ముఖం కాసేపు తేరిపార చూసి, "బాగా కాలాయి" అనేది, రొట్టెల గురించి.

అంటే తను దయ్యాలకు కూడా తీసికట్టన్నమాట! ఆన్సెల్మ్‌కు అడగాలంటే భయం, అడక్కపోతే నిద్రపట్టదు.

ఆ చలికాలం కెథడ్రల్ ముందుగోడకు వెలుతురుతో రంగులు వేయించాలని ఊరు తీర్మానించింది. ఆ బొమ్మలకు పూర్వం రంగులుండేవి, వానలకు కొట్టుకుపోయాయి. లీల్ నగరం నుంచి మయెల్ అనే అమ్మాయి పెద్ద పెద్ద ప్రొజెక్టర్లతో దిగింది. అంతా బాగానే ఉంది కానీ, నడిమి తలుపు మీది దేవదూతకు మూతి ఊడిపోయి ఉంది.

"మూతే కదా, నాది తీసుకోండి" అన్నాడు మేయర్. ఎన్నికలు దగ్గర పడ్డాయి మరి.

"వద్దమ్మా, దేవదూత ఉపన్యాసం మొదలెడతాడు" అంది అత్త. ఆ మర్నాటి నుంచి ఉల్లికాడలు కూరి కాల్చిన ఫ్లమీష్ రొట్టె వేడివేడిగా పట్టుకుని రోజూ మయెల్ దగ్గరికి వెళ్లడం మొదలుపెట్టింది. ఎవరి పోలిక గోడకెక్కిస్తుందోనని ఊరికి గుండెల్లో రాయి పడింది.

ప్రదర్శన నాటి సాయంత్రం చౌకులో దీపాలన్నీ ఆర్పేశారు. రానంటే రానన్న ఆన్సెల్మ్‌ను అత్త ఏప్రన్ పట్టుకుని లాక్కొచ్చింది.

"ఊరందరి ముందూ నా పోలిక చెప్తావా ఏంటత్తా?"

"నోర్మూసుకుని చూడు."

గోడ అడుగు నుంచి శిఖరం దాకా నీలం, ఎరుపు, బంగారం ఒక్కసారిగా పూశాయి. "అదిగో నేను! నా తోక చూడండి!" అని గంతేశాడు మాంసం కొట్టు గాస్పార్. ఆకుపచ్చగా మెరిసిపోతున్న తూము భూతానికి మేయరే చెయ్యి ఊపాడు.

చివరికి వెలుగు దేవదూత మీదికి పాకింది. బంగారు జుట్టు, గులాబీ బుగ్గలు, ఆపైన నవ్వు. కుడివైపు పెదవి పైకి లేచింది. ఎడమవైపు అలాగే ఉంది.

"మన ఆన్సెల్మే!" అని కేకేసింది క్లోతిల్డ్.

ఆన్సెల్మ్ ఆవిడ వైపు తిరిగాడు. "అత్తా... మరి ఇన్నేళ్లూ చెప్పలేదేం?"

"బొమ్మకు మూతి లేదు కదరా! చెబితే నమ్మేవాడివా? మూతి ఎలా ఉండాలని ఆ పిల్ల అడిగింది. పొద్దున్నే రొట్టెలతో పాటు నా కొట్టుకొచ్చే నవ్వు చెప్పాను."

"వాడు దేవదూతా, మేం దయ్యాలమా?" అని గాస్పార్ ఉడుక్కున్నాడు.

"బళ్లో వీణ్ణి వంకరమూతి అని ఏడిపించింది ఎవర్రా? ఊరందరికీ తలా ఒక తోకో కొమ్మో తగిలించాక ఆ మాట మళ్లీ ఎవరైనా అన్నారా?"

గాస్పార్ ఆలోచించాడు. ఎవరూ అనలేదు. ఎవరి తోక గొడవలో వాళ్లున్నారు.

ఆన్సెల్మ్‌కు నవ్వాగలేదు. అలవాటుగా చెయ్యి మూతి మీదికి పోయింది. అత్త దాని మీద ఒక్కటిచ్చింది.

"తియ్యి! పోలిక కుదిరిందో లేదో జనం చూసుకోవద్దూ?"

తీశాడు.